కంటి పొరపాటు, మనసు తడబాటు: ఐరోపా తొలి మనస్తత్వశాస్త్రం నుంచి ఆధునిక చిత్రకళ తీసుకున్నది

ఆధునిక చిత్రకళపై మనస్తత్వశాస్త్ర ప్రభావం అనగానే సిగ్మండ్ ఫ్రాయిడ్ పేరూ, ఆయన కలల సిద్ధాంతమూ, సాల్వడార్ డాలీ గీసిన కరిగిపోతున్న గడియారాలూ ముందుగా స్ఫురించడం పరిపాటి. అయితే కలలపై ఫ్రాయిడ్ రాసిన గ్రంథం 1899 నవంబరులో, 1900 అనే ముద్రణ సంవత్సరంతో, వెలువడేనాటికి చుక్కల చిత్రకారుడు జార్జ్ సూరా చనిపోయి ఎనిమిదేళ్లు దాటింది. పారిస్‌లోని సాల్పెత్రియేర్ ఆసుపత్రి హిస్టీరియా రోగుల ఫోటోలను సంపుటాలుగా అచ్చువేసి ఇరవై ఏళ్లు కావస్తోంది. లైప్జిగ్‌లో విల్హెల్మ్ వుంట్ 1879లో నెలకొల్పిన ప్రయోగశాల నుంచి ఒక తరం శిష్యులు బయటికి వచ్చి వేర్వేరు దేశాల్లో స్థిరపడ్డారు. ఆ కాలపు మనస్తత్వశాస్త్రం రెండు చోట్ల పెరిగింది. ప్రయోగశాలలో ఇంద్రియాలు చేసే పొరపాట్లను కొలిచారు, ఆసుపత్రి వార్డులో మనసు అదుపు తప్పే తీరును నమోదు చేశారు. శాస్త్రజ్ఞుడు లోపమనీ, రోగలక్షణమనీ రాసిపెట్టుకున్నదాన్నే చిత్రకారుడు తన పనికి ముడిసరుకుగా ఎత్తుకోవడం ఈ చరిత్ర పొడవునా కనిపిస్తుంది. ఆ సరుకు ఎవరి కళ్ల నుంచి, ఎవరి బాధ నుంచి వచ్చిందో వారికి దక్కిందేమిటన్న ప్రశ్న కూడా దాని వెంటే నడుస్తుంది.

ఈ చరిత్రకు మొదలు ఒక అద్దకపు శాలలో ఉంది. కొవ్వులు, సబ్బుల రసాయన నిర్మాణంపై పరిశోధనతో పేరు తెచ్చుకున్న మిషెల్ యూజీన్ షెవ్రోల్ 1824లో, గోడలకు వేలాడదీసే బొమ్మల తెరలు నేసే పారిస్ గోబెలిన్స్ కార్ఖానాలో అద్దకపు విభాగానికి అధిపతి అయ్యాడు. అక్కడి నేతగాళ్లు తెచ్చిన ఫిర్యాదుల్లో ఒకటి నలుపు గురించినది: నీలి, ఊదా వస్త్రాల మడతల్లో నీడ కోసం వాడిన నల్ల ఉన్నిదారం వెలిసిపోయినట్టు, బలం లేనట్టు కనిపిస్తోందని వారు వాపోయారు. షెవ్రోల్ ఇతర అద్దకపు శాలల నుంచి నల్లదారాలు తెప్పించి పోల్చి చూశాడు, రంగులో ఏ లోపమూ దొరకలేదు. అదే దారాన్ని విడిగా చూస్తే చిక్కని నలుపు. నీలం పక్కన పెడితే ఆ నీలానికి విరోధి అయిన నారింజ ఛాయ దానిమీదికి పాకి అది మసకబారుతుంది. పక్కపక్కనే ఉన్న రెండు రంగులను కన్ను ఉన్నవాటికన్నా ఎక్కువ భిన్నంగా చూస్తుందన్న ఈ సంగతికి ఆయన ఏకకాల వైరుధ్యం అని పేరు పెట్టి, 1839లో ఒక పెద్ద గ్రంథంగా ప్రకటించాడు. రసాయన శాస్త్రజ్ఞుడు దారంలో వెతికిన దోషం చివరికి చూసేవారి కంటిలో తేలింది. అప్పటికి ప్రత్యేక శాస్త్రంగా పేరు కూడా నిలదొక్కుకోని మనస్తత్వ పరిశీలనకు ఇంతకన్నా శుభ్రమైన ఉదాహరణ దొరకడం కష్టం.

కంటిని కొలవవచ్చునన్న ధైర్యం గుస్తావ్ ఫెక్నర్‌తో వచ్చింది. లైప్జిగ్‌లో భౌతికశాస్త్ర ఆచార్యుడైన ఫెక్నర్, ఒక కాంతిని చూసి చూపు మరల్చాక కూడా కంటిలో నిలిచిపోయే అనుబింబాలను అధ్యయనం చేయడానికి రంగుటద్దాల గుండా సూర్యుణ్ణి చూసి చూపు పాడు చేసుకున్నాడు. పదవి వదులుకుని ఏళ్ల తరబడి చీకటి గదిలో గడిపి, 1843లో కోలుకున్నాడు. 1860లో వెలువడిన ఆయన గ్రంథం బయటి ఉద్దీపనకూ లోపలి సంవేదనకూ మధ్య ఉన్న లెక్కను ప్రతిపాదించింది: వెలుతురు, బరువు, శబ్దం వంటివి గుణశ్రేఢిలో పెరిగితే వాటిని మనిషి అనుభవించే తీరు అంకశ్రేఢిలో మాత్రమే పెరుగుతుంది. చీకటి గదిలో రెండో దీపం వెలిగిస్తే కొట్టొచ్చినట్టు తెలుస్తుందనీ, పట్టపగలు అదే దీపం వెలిగినా ఎవరికీ పట్టదనీ అందరికీ అనుభవమే. ఫెక్నర్ దానికి సూత్రం కట్టాడు. సౌందర్యాన్ని కూడా ఈ దారిలోనే పట్టుకోవాలన్న పట్టుదలతో ఆయన 1871లో డ్రెస్డెన్‌లో ఒక ప్రయోగం చేశాడు. హోల్బైన్ గీసినట్టు చెప్పుకునే రెండు మేరీమాత చిత్రాలను, వాటిలో ఏది అసలు, ఏది నకలు అన్న వివాదం నడుస్తున్న రోజుల్లో, ఒకేచోట ప్రదర్శనకు పెట్టినప్పుడు, తమకు ఏది అందంగా అనిపించిందో సందర్శకులు రాయాలని ఒక పుస్తకం ఉంచాడు. 11,000 మందికి పైగా వచ్చినా 113 మంది మాత్రమే రాశారు, వాళ్లలోనూ చాలామంది సూచనలు పాటించలేదు. ప్రయోగంగా అది విఫలమైనా, చిత్రం ఎదుట నిలబడే సామాన్యుడి స్పందన కూడా కళాశాస్త్రానికి ప్రమాణం కావచ్చునన్న ఆలోచన అక్కడే పుట్టింది. 1876లో వచ్చిన తన సౌందర్యశాస్త్ర గ్రంథంలో ఫెక్నర్ దాన్ని కింది నుంచి పైకి కట్టే శాస్త్రంగా నిలబెట్టాడు.

భౌతికశాస్త్రవేత్త హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్ 1871, 1873 మధ్య జర్మన్ నగరాల్లో చిత్రకళపై చేసిన ప్రసంగాలు దీనికి కొనసాగింపు. ఎండలో మెరిసే ఎడారినీ, వెన్నెల రాత్రినీ ఒకే తెల్ల రంగుతో, ఒకే గదిలోని వెలుతురులో గీసి నమ్మించాల్సిన చిత్రకారుడు ప్రకృతి కాంతిని నకలు చేయలేడనీ, కాంతుల మధ్య నిష్పత్తులను మాత్రమే తర్జుమా చేయగలడనీ ఆయన వివరించాడు. చూడడమంటే కంటిలో పడిన గుర్తుల నుంచి మనసు తనకు తెలియకుండానే చేసే అనుమానమన్నది ఆయన సిద్ధాంతం. ఇంప్రెషనిస్టులు అప్పుడప్పుడే కాన్వాసు మీద చేస్తున్న పనికి అది సరిగ్గా సరిపోతుంది.

ఈ విజ్ఞానం చిత్రకారుడి చేతికి నేరుగా అందిన చోటు 1880ల నాటి పారిస్. 1859లో పుట్టిన సూరా యువకుడిగా ఉండగానే షెవ్రోల్‌నూ, షార్ల్ బ్లాఁ రాసిన కళల వ్యాకరణాన్నీ, అమెరికన్ భౌతికశాస్త్రవేత్త ఓగ్డెన్ రూడ్ రంగుల శాస్త్రాన్నీ చదివాడు. ఆయన మిత్రుడు పాల్ సిన్యాక్ 1884లో, అప్పటికి 98 ఏళ్ల వయసున్న షెవ్రోల్‌ను స్వయంగా వెళ్లి కలిశాడు. అదే 1859లో పుట్టిన షార్ల్ ఆన్రీ, గణితం నుంచి సంగీతం దాకా దేన్నీ వదలని సార్బోన్ గ్రంథాలయ ఉద్యోగి, 1885లో శాస్త్రీయ సౌందర్యశాస్త్రానికి ఒక ఉపోద్ఘాతం ప్రకటించాడు. పైకి, కుడికి సాగే గీతలూ వెచ్చని రంగులూ ప్రాణశక్తిని పెంచి ఆహ్లాదం కలిగిస్తాయనీ, కిందికి, ఎడమకు సాగే గీతలూ చల్లని రంగులూ దాన్ని అణచివేస్తాయనీ ఆయన వాదం. శక్తిని పెంచే ఈ గుణానికి ఆయన వాడిన పారిభాషిక పదం శరీరధర్మశాస్త్రం నుంచి వచ్చింది. ఆ గుణాన్నే కొలవడానికి సాల్పెత్రియేర్ ఆసుపత్రిలో షార్ల్ ఫేరే అనే వైద్యుడు రోగుల చేతికి డైనమోమీటర్, అంటే పిడికిలి బిగువును కొలిచే పరికరం, ఇచ్చి రంగు కాంతుల కింద పరీక్షించాడు. మామూలు వెలుతురులో 23 చూపిన ముల్లు నీలం కింద 24కు, ఎరుపు కింద 42కు చేరిందని 1887లో ఆయన రాశాడు. హిస్టీరియా అని ముద్ర పడిన స్త్రీల పిడికిళ్లలో నమోదైన అంకెల వంటివే, ఆన్రీ సిద్ధాంతం దారిలో, సర్కస్ గుర్రాన్నీ నాట్యశాలనూ గీసే సూరా కాన్వాసుల మీదికి నడిచాయి.

ఆ నడకను 1889, 1890లలో సూరా గీసిన 'షాయు' చిత్రంలో దగ్గరగా చూడవచ్చు. నలుగురు నర్తకులు ఒకేసారి కాలెత్తిన ఆ దృశ్యంలో కాళ్లన్నీ పైకి ఏటవాలుగా సమాంతరంగా సాగుతాయి. ముందు కూర్చున్న వాద్యకారుడి వాయిద్యం మెడ కూడా ఏటవాలుగానే లేస్తుంది. పెదవుల చివర్లు, మీసాల కొసలు, నర్తకి బూట్ల ముడులు, అన్నీ పైకే తిరిగి ఉంటాయి. ఉల్లాసమనే భావాన్ని ముఖకవళికలకు వదిలేయకుండా గీతల దిశలోనే కట్టేశాడు. 1890 ఆగస్టులో మోరిస్ బోబూర్ అనే రచయితకు రాసిన లేఖలో సూరా ఈ నియమాలను క్లుప్తంగా చెప్పుకున్నాడు: వెలుగు, వెచ్చదనం, పైకి లేచే గీత కలిస్తే ఉల్లాసం, చీకటి, చల్లదనం, కిందికి దిగే గీత కలిస్తే విషాదం, రెండూ సరితూగి గీత అడ్డంగా నిలిస్తే ప్రశాంతి. మరుసటి ఏడాది మార్చిలో, 31 ఏళ్లకే ఆయన చనిపోయాడు.

సూరా చిత్రాల గొప్పతనం ఆయన నమ్మిన శాస్త్రం నిజం కావడం వల్ల వచ్చిందనుకోవడం సరికాదు. దగ్గరగా పెట్టిన రంగు చుక్కలు చూసేవారి కంటిలో కలిసిపోయి, పాలెట్ మీద కలిపిన రంగుకన్నా ఎక్కువ కాంతివంతమవుతాయన్నది అప్పటి ఆశ; రెండు మీటర్ల ఎత్తు, మూడు మీటర్ల వెడల్పు ఉన్న 'లా గ్రాఁద్ జాత్ దీవిలో ఆదివారం' ముందు నిలబడితే ఆ చుక్కలు పూర్తిగా కలవవు, అలాగని విడిగానూ నిలవవు. సూరా వాడిన జింక్ పసుపు కొద్ది ఏళ్లలోనే గోధుమ రంగుకు తిరగడంతో లెక్క ఇంకా తప్పింది. అయినా ఆ అదిరే గాలి, ఆ నిశ్చలత్వం ఈనాటికీ చెక్కుచెదరలేదు. శాస్త్రం ఆయనకు ఇచ్చిన మేలు ఒక క్రమశిక్షణ, ఒక ఓపిక. ప్రతి చుక్కా ఒక నిర్ణయమేనని నమ్మిన చిత్రకారుడు రెండేళ్లు ఒకే కాన్వాసు మీద నిలబడగలిగాడు.

మ్యూనిక్ నగరంలో ఇదే ఇంద్రియ విజ్ఞానం మరో మలుపు తిరిగింది. చూసేవాడు తన శరీర చలనాలనూ భావాలనూ తెలియకుండానే చూసే వస్తువులోకి ప్రసరింపజేస్తాడన్న ఆలోచనను 1873లో రోబర్ట్ ఫిషర్ ప్రతిపాదించగా, మ్యూనిక్ ఆచార్యుడు తియొడోర్ లిప్స్ దాన్ని విస్తారమైన సహానుభూతి సిద్ధాంతంగా పెంచాడు. నిలువు స్తంభం పైకి లేస్తున్నట్టు, వంపు గీత సాగుతున్నట్టు తోచడం ఈ సహానుభూతి వల్లేనని, కొలతల్లో మోసపోయే దృష్టిభ్రమలను ఆధారంగా చూపి వాదించాడు. ఆయన దగ్గర చదువుకున్న ఆగస్ట్ ఎండెల్, దేన్నీ సూచించని, దేన్నీ గుర్తు చేయని రూపాలతోనే సంగీతంలా మనసును కదిలించే కళ రాబోతోందని 1890ల చివర్లో రాసి, ఎల్విరా ఫోటో స్టూడియో ముఖభాగాన్ని డ్రాగన్‌లా మెలికలు తిరిగే ఒకే అలంకారంతో నింపాడు. 1896లో మాస్కో నుంచి మ్యూనిక్ చేరిన వసీలీ కాండిన్‌స్కీ చిత్రకారుడిగా పెరిగిన వాతావరణం ఇదే. రంగు ఆత్మపై చేసే పని గురించి ఆయన 1911 చివర్లో వెలువరించిన పుస్తకంలో ఆధ్యాత్మిక పరిభాష ఎంత ఉన్నా, పసుపు చూసేవారి మీదికి వస్తుంది, నీలం వెనక్కి పోతుంది అన్న పరిశీలనల్లో ప్రయోగశాల వాసన పోలేదు. బౌహౌస్ పాఠశాలలో చేరాక ఆయన 1923లో త్రిభుజం, చదరం, వృత్తాలకు పసుపు, ఎరుపు, నీలాల్లో ఏది తగునో అడిగే ప్రశ్నపత్రం పంచడం ఫెక్నర్ డ్రెస్డెన్ పుస్తకానికి వారసత్వమే.

ఆసుపత్రి వార్డు నుంచి వచ్చిన పాయ ఇంతకన్నా బరువైనది. ఒకప్పుడు మందుగుండు సూరేకారం నిల్వచేసిన చోట కట్టిన సాల్పెత్రియేర్, పారిస్‌లోని పేద, రోగపీడిత స్త్రీలను వేల సంఖ్యలో ఉంచిన ఆసుపత్రి. అక్కడి ప్రధాన వైద్యుడు జాన్ మార్టిన్ షార్కో, శరీరంలో ఏ గాయమూ కనిపించకుండానే మూర్ఛలు, పక్షవాతం, స్పర్శ కోల్పోవడం వంటి లక్షణాలు చూపే హిస్టీరియాను నాలుగు దశల క్రమంగా వర్ణించాడు. ఆ క్రమాన్ని రుజువు చేయడానికి ఆసుపత్రిలోనే ఫోటో స్టూడియో ఏర్పడింది. 1876 నుంచి 1880 వరకు బూర్న్‌విల్, రెన్యార్ అనే ఇద్దరు వైద్యులు ఆ ఫోటోలను సంపుటాలుగా ప్రచురించారు. వాటిలో అందరికన్నా ఎక్కువసార్లు కనిపించేది 14 ఏళ్ల వయసులో చేరిన అగుస్తీన్ అనే అమ్మాయి: చేతులు చాచి, కళ్లు పైకెత్తి, ప్రార్థన, పారవశ్యం, బెదిరింపు అని శీర్షికలు పెట్టిన భంగిమల్లో. షార్కో, పాల్ రిషేతో కలిసి 1887లో పూర్వ చిత్రకళలోని దయ్యం పట్టినవారిని హిస్టీరియా రోగులుగా గుర్తిస్తూ ఒక పుస్తకం రాశాడు. అదే ఏడాది ఆంద్రే బ్రుయే షార్కో పాఠాన్ని పెద్ద తైలవర్ణ చిత్రంగా గీశాడు. కళలో రోగాన్నీ, రోగిలో కళాభంగిమనూ వెతికిన ఆ వైద్యుడు తన రోగులను ఎంతవరకు నటులుగా మార్చాడన్న సందేహం ఆయన బతికుండగానే లేచింది. అగుస్తీన్ 1880లో మగవేషంలో ఆసుపత్రి నుంచి తప్పించుకుపోయింది. 1928లో కవులు ఆంద్రే బ్రెటన్, లూయీ ఆరగాఁ తమ అధివాస్తవిక పత్రికలో ఆమె ఫోటోలు అచ్చువేసి, హిస్టీరియాకు యాభై ఏళ్ల పండుగ జరిపారు. వారికి అది జబ్బు కాదు, గొప్ప కవితా ఆవిష్కరణ. ఆ ఉత్సవంలో ఆమె మాట ఒక్కటీ వినిపించదు.

అధివాస్తవికతకు, అంటే కలనూ మెలకువనూ కలిపి రెంటికీ పైనున్న వాస్తవాన్ని పట్టుకోవాలన్న ఉద్యమానికి, అసలు పనిముట్టు కూడా వార్డులోనే తయారైంది. ల హావ్ర్ పట్టణంలో తత్వశాస్త్రం బోధిస్తూ అక్కడి ఆసుపత్రిలో ప్రయోగాలు చేసిన పియేర్ జానే, 1889లో వెలువరించిన గ్రంథంలో మానసిక స్వయంచాలకతను వివరించాడు: మాటల్లో పెట్టి దృష్టి మళ్లించిన రోగి చేతిలో పెన్సిలు పెడితే, తాను రాస్తున్నానని తెలియకుండానే ఆ చేయి ప్రశ్నలకు జవాబులు రాస్తుంది. జానే దృష్టిలో ఇది మనసును కలిపి ఉంచే శక్తి సన్నగిల్లడం వల్ల కలిగే క్షీణత. వైద్యవిద్యార్థి అయిన బ్రెటన్ 1916లో సైన్యం తరఫున సాఁ దిజియే మానసిక చికిత్సా కేంద్రంలో పనిచేశాడు. యుద్ధమంతా నటన, ఫిరంగి గుళ్లు ఉత్తవి, గాయాలు రంగు పూతలు అని నమ్మి, కందకం గట్టు మీద నిలబడి గుళ్లకు వేలితో దారి చూపిన ఒక సైనికుణ్ణి ఆయన అక్కడ చూశాడు. ఆ తర్వాత 1919లో ఫిలిప్ సూపోతో కలిసి, ఏమి రాయాలో ముందుగా అనుకోకుండా, రాసింది దిద్దకుండా, వేగంగా కాగితాలు నింపాడు. 1924 నాటి తొలి ప్రకటనలో అధివాస్తవికతను మానసిక స్వయంచాలకతగానే నిర్వచించాడు. ఆయన గురువుగా పేర్కొన్నది ఫ్రాయిడ్‌నే అయినా, ఆ పదజాలానికి జానేతో ఉన్న పోలిక కొట్టిపారేయలేనిది. చిత్రకళలో దీన్ని ఆంద్రే మాసోఁ కలం ఎత్తని గీతలతో, తర్వాత కాన్వాసుపై జిగురు పోసి ఇసుక చల్లే పద్ధతితో సాధన చేశాడు. బాన్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రం కూడా చదివిన మాక్స్ ఎర్న్‌స్ట్, 1925 ఆగస్టులో పోర్నిక్ సముద్రతీరపు సత్రంలో అరిగిన నేలపలకల మీద కాగితాలు పరిచి పెన్సిలుతో రుద్ది, ఆ చెక్క నారల్లో అడవులనూ పక్షులనూ చూశాడు. చేతిని బుద్ధి అదుపు నుంచి తప్పించడమే ఈ పద్ధతులన్నిటి ఉద్దేశం. జానే జబ్బుగా లెక్కగట్టినది ఇక్కడ నైపుణ్యమైంది.

వైద్యులకు ఇది నచ్చలేదు. బ్రెటన్ 1928లో ప్రచురించిన 'నాడ్జా', తాను పారిస్ వీధుల్లో కలిసిన ఒక యువతి కథ. ఆమె గీసిన బొమ్మలు ఆ పుస్తకంలో ఉన్నాయి, పుస్తకం రాకముందే ఆమెను మానసిక చికిత్సాలయంలో చేర్చారు, 1941లో చనిపోయేవరకు ఆమె అటువంటి చోట్లనే ఉండిపోయింది. మానసిక వైద్యులపై ఆ పుస్తకం చేసిన దాడి 1929లో వారి సంఘ సమావేశంలో చర్చకు వచ్చినప్పుడు, అధివాస్తవికుల రచనలు వదలని తలపులు వెంటాడే రోగుల ఒప్పుకోళ్లేనని జానే తేల్చాడు. ఫ్రాయిడ్‌కూ వీరిపై గౌరవం లేదు. 1921లో వియన్నా వచ్చిన బ్రెటన్‌ను మర్యాదగా పంపేశాడు. 1938 జులైలో లండన్‌లో డాలీని కలిశాక మాత్రం, ఆ స్పానిష్ యువకుడి నైపుణ్యం తన అభిప్రాయాన్ని పునరాలోచించేలా చేసిందని రచయిత స్టెఫాన్ జ్వైగ్‌కు రాశాడు.

రోగి బొమ్మను బొమ్మగా చూసిన తొలి వైద్యుల్లో హాన్స్ ప్రిన్‌జ్‌హార్న్ ముఖ్యుడు. కళాచరిత్ర చదివి, సంగీతం అభ్యసించి, తర్వాత వైద్యుడైన ఆయన 1919, 1921 మధ్య హైడెల్‌బెర్గ్ మానసిక చికిత్సాలయంలో ఉండి, జర్మన్ ప్రాంతాల్లోనూ బయటా ఉన్న ఆసుపత్రులకు లేఖలు రాసి, సుమారు 450 మంది రోగులు చేసిన 5,000 దాకా పనులు సేకరించాడు. పొట్లాల కాగితం, వాడేసిన ఫారాలు, చేతికి ఏది దొరికితే దానిమీదే అవి గీసి ఉన్నాయి. 1922లో ఆయన ప్రచురించిన సచిత్ర గ్రంథం ఆ బొమ్మలను రోగనిర్ధారణకు ఆధారాలుగా చూడకుండా, అలంకరణ, ఆట, క్రమం వంటి మనుషులందరిలో ఉండే సృజన ప్రేరణల దృష్టితో పరిశీలించింది. ఎర్న్‌స్ట్ ఆ పుస్తకాన్ని అదే ఏడాది పారిస్ పట్టుకెళ్లి కవి పాల్ ఎల్యువార్‌కు ఇచ్చాడు. ఆగస్ట్ నాటరర్ అనే రోగి 1907లో ఆకాశంలో అరగంటలో పదివేల బొమ్మలు చూశానని చెప్పి, ఏళ్ల తర్వాత వాటిని మెకానిక్‌కు తగ్గ కచ్చితత్వంతో గీశాడు. వాటిలోని గొర్రెల కాపరి బొమ్మ పక్కన ఎర్న్‌స్ట్ 1931 నాటి 'ఈడిపస్' పెట్టి చూస్తే బంధుత్వం దాగదు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత జాఁ ద్యుబుఫే శిక్షణ లేనివారి కళను ముడికళ అని పిలిచి సేకరించడానికీ ఈ గ్రంథం దారి వేసింది.

అయితే రోగి బొమ్మకూ ఆధునిక చిత్రానికీ ఉన్న ఈ పోలికే నాజీల చేతిలో ఆయుధమైంది. 1937 జులైలో మ్యూనిక్‌లో మొదలైన 'పతిత కళ' ప్రదర్శన ఊరూరా తిరుగుతూ 1938లో బెర్లిన్ చేరేసరికి, హైడెల్‌బెర్గ్ సేకరణలోని పనులను పాల్ క్లే వంటి చిత్రకారుల పక్కన వేలాడదీసి, రెండూ ఒకే రోగమని చూపించారు. వాటిని అరువిచ్చింది ఆ చికిత్సాలయపు కొత్త అధిపతి కార్ల్ ష్నైడర్. మానసిక రోగులను చంపే ప్రభుత్వ కార్యక్రమంలో ఎవరు బతకాలో ఎవరు చావాలో గుర్తు పెట్టిన వైద్యుల్లోనూ ఆయన ఒకడు. ప్రిన్‌జ్‌హార్న్ తన పుస్తకంలో మారుపేర్లతో పరిచయం చేసిన పదిమంది ప్రధాన చిత్రకారుల్లో పోల్ అనే వ్యక్తి అసలు పేరు ఫ్రాంజ్ కార్ల్ బ్యూలర్. ఇనుప అలంకార పనిలో దిట్ట, 1893 చికాగో ప్రపంచ ప్రదర్శనలో తన పని చూపినవాడు. దశాబ్దాలు ఆసుపత్రుల్లో గడుపుతూ గీసిన ఆయన బొమ్మలను ఆల్‌ఫ్రెడ్ కూబిన్ వంటి చిత్రకారుడు మనసారా మెచ్చుకున్నాడు. ఆయనను 1940 మార్చి 5న గ్రాఫెనెక్‌లో విషవాయువుతో చంపారు. యుద్ధం ముగిశాక ఏళ్ల తరబడి బీరువాల్లో పడి ఉన్న ఆ సేకరణను 1963లో ప్రదర్శనల నిర్వాహకుడు హారాల్డ్ జీమన్ బెర్న్‌లో ప్రదర్శించాడు. 2001లో హైడెల్‌బెర్గ్ విశ్వవిద్యాలయ ఆసుపత్రి పాత ఉపన్యాస మందిరంలో దానికి మ్యూజియం ఏర్పడింది, ఇప్పుడు అక్కడ బ్యూలర్ పనులను ఆయన సొంత పేరుతోనే చూపుతున్నారు.